చెంచా మోగిన వాక్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముఖ్యంగా నేను మాట్లాడుతుంటే మధ్యలో ఎవరైనా అడ్డొస్తే అసలు పట్టలేను. ఈ సంగతి మావాళ్లందరికీ తెలుసు కాబట్టి, నేను ఢిల్లీ వచ్చి పరిశోధనలో చేరాక "నువ్వక్కడ చేసేదేంటి?" అని ఎవరూ రెండోసారి అడగలేదు. అమ్మ మాత్రం "మా అమ్మాయి కంప్యూటర్లలో డాక్టరు చదువుతోంది" అని ఊళ్లో చర్చి అంతటికీ చెప్పుకుంది. జియా సరాయ్‌లో నేను అద్దెకుండే ఇంటావిడ దృష్టిలో నేను ఏదో పరీక్ష నాలుగేళ్లుగా రాస్తూ పాసవని పిల్లని. ప్రతి మే నెలలో "ఈసారి అయిపోతుందిలే బేటీ" అని ఓదారుస్తుంది. మొదట్లో విడమరిచి చెప్పబోయేదాన్ని. తరవాత్తరవాత "అవును ఆంటీ, ఈసారి గ్యారంటీ" అనేసి మెట్లెక్కడం అలవాటైంది.

అలాంటి నన్ను పట్టుకుని, నా పనిని జనానికి అర్థమయ్యేలా చెప్పమన్నారు మా డిపార్ట్‌మెంట్ వాళ్లు. ఏడాదికొక శనివారం మా ఇన్‌స్టిట్యూట్ గేట్లు అందరికీ తెరుస్తారు. బడిపిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, రిటైరైనవాళ్లు, ఆ రోజు తోచనివాళ్లు, ఎవరైనా రావచ్చు. పరిశోధన విద్యార్థి ఒక్కొక్కరూ తన పోస్టరు పక్కన నిలబడి మూడంటే మూడు నిమిషాల్లో తన పని చెప్పాలి. వినేవాళ్లకు తెలియని మాట ఒక్కటీ దొర్లకూడదు. నాలుగేళ్లుగా తెలియని మాటలు పోగుచేసుకోవడమే మా పని, ఇప్పుడు అవన్నీ గేటు బయట వదిలి రమ్మంటే ఎలా అని మా ల్యాబులో అందరం సణుక్కున్నాం.

నిజానికి నా పని చెప్పడం అంత కష్టం కాదు. ఐసీయూలో ప్రతి మంచం పక్కనా ఒక మానిటర్ ఉంటుంది. గుండె, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ చూస్తూ కాస్త తేడా వస్తే చాలు కుయ్యిమంటుంది. రోగి పక్కకి ఒత్తిగిల్లినా, వేలికి పెట్టిన క్లిప్పు జారినా అంతే. రోజంతా అన్ని మానిటర్లూ అలా అరుస్తుంటే అందులో ఏది నిజం కేకో, ఏది ఉత్తుత్తి కేకో తెలియదు. ఆ రెండింటినీ విడదీసే ప్రోగ్రాం నాది. ఒక ఆసుపత్రి వాళ్లు పేర్లు తీసేసి ఇచ్చిన పాత రికార్డులు చూపించి దానికి ఆ తేడా నేర్పాను. దాని మీద రాసిన పేపరు అప్పుడే ఒక పెద్ద సదస్సుకు ఎంపికైంది. అది అచ్చయితే థీసిస్ ఇచ్చేయొచ్చు. అమ్మ అయితే ఆ వేసవిలో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టించడానికి పాస్టరు గారితో మాట్లాడేసింది కూడా.

ఇక ఆ మూడు నిమిషాలు ఎవరి ముందు ప్రాక్టీసు చేయాలా అని పెద్దగా ఆలోచించలేదు. మా పిన్ని ఆర్.కె. పురంలో ఉంటుంది. బాబాయిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, పిన్ని ఒక ఆసుపత్రి ఐసీయూలో నర్సు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నేను వాళ్ల క్వార్టర్స్‌కే పోతాను. ఢిల్లీలో నాకు గోంగూర దొరికే చోటు అదొక్కటే. ఆ ఆదివారం చర్చి నుంచి ఇద్దరు ఆంటీలు కూడా భోజనానికి వచ్చారు. వాళ్లూ నర్సులే. అందరికీ విందు పెట్టి, ఆ తరవాత నా ఉపన్యాసం వినిపించాలని పథకం.

పిన్ని కూతురు తొమ్మిదో తరగతి. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. సభకు నియమం పెట్టింది అదే. అందరికీ తలా ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా ఇచ్చింది. అర్థం కాని మాట వస్తే చెంచాతో గ్లాసు మీద కొట్టాలి. అది ఫోనులో టైము చూస్తుంది.

మొదటిసారి నేను నోరు తెరిచిన క్షణం నుంచి గుళ్లో హారతి వేళ గంటలు మోగినట్టు మోగింది. ఒక్కో టింగుకీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. రెండోసారి కాస్త నయం. అయినా "లేబులింగ్" అన్నచోట నాలుగు గ్లాసులూ ఒకేసారి మోగాయి.

"ఆ ముక్కే మామూలుగా చెప్పవే, మేమేమన్నా తినేస్తామా?" అంది పిన్ని.

చెప్పాను. ఆ మాటను నమిలి, మింగి, మామూలు తెలుగులో ఒక వాక్యం తయారు చేశాను. మూడోసారి అంతా సాఫీగా సాగింది. ఒక ఆంటీ చెంచా పక్కన పెట్టేసి పాయసం కూడా అందుకున్నారు. నేను గెలిచానన్న ధీమాతో ఆ వాక్యం దగ్గరికి వచ్చాను: "అలారం మోగాక నర్సు దాని శబ్దం ఆపేసి, పది నిమిషాల్లో రికార్డులో ఏమీ రాయకపోతే, అది ఉత్తుత్తి అలారం అని మా ప్రోగ్రాంకి నేర్పాం."

టింగ్. పిన్ని.

"ఇందులో అర్థం కానిదేముంది పిన్నీ? అన్నీ నీకు తెలిసిన మాటలేగా!" అన్నాను, గొంతు లేచింది.

"మాటలన్నీ తెలిసినయ్యే. సంగతే తెలీలేదు. శబ్దం ఆపేసి ఏమీ రాయకపోతే ఏమీ జరగనట్టా?"

"ఏదైనా జరిగితే రాస్తారు కదా."

ఆంటీలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. ఒకావిడకు పాయసం పొలమారింది. పిన్ని నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇదిగో చూడు. నిజంగా మనిషికి ఊపిరి ఆడట్లేదనుకో, నేను చేసే మొట్టమొదటి పని ఆ మోత కట్టేయటమే. నెత్తిన అది కుయ్యోమంటుంటే ఆ మనిషి గుండెల్లో గురగుర వినపడద్దా? పక్కనున్న పిల్లకి 'సక్షన్ గొట్టం అందుకో' అంటే వినపడద్దా? ఆ తరవాత రెండు చేతులూ పనిలో ఉంటయ్. అది తెమిలేసరికి ఇంకో మంచం పిలుస్తది. కంప్యూటర్లో ఎక్కించేది ఎప్పటికో, డ్యూటీ దిగే ముందు."

"అప్పటిదాకా టైములు గుర్తుంటాయా?"

పిన్ని ఎడమచేతి మణికట్టు తిప్పి చూపించింది. అక్కడ జిగురు మరక ఉంది. ప్లాస్టర్ ముక్క అతికించుకుని దాని మీద పెన్నుతో టైములు రాసుకుంటుందట. నిన్నటి జిగురు ఇంకా పోలేదట. "నేనైతే ఏప్రాన్ మీదే అతికిస్తానమ్మాయ్," అన్నారు పొలమారిన ఆంటీ కళ్లు తుడుచుకుంటూ. "అదే క్లిప్పు జారిందనుకోండి, చేతులు ఖాళీయే కదా, సర్దేసి అక్కడే నిలబడి ఎక్కించేస్తాం."

"చూశావా?" అంది పిన్ని. "పని ఉన్నప్పుడే రాయం. పని లేనప్పుడే వెంటనే రాస్తాం. మీ కంప్యూటరు తిరగేసి నేర్చుకుందే."

నాకు తల కొట్టేసినట్టయింది. అలా అయినప్పుడు మంచివాళ్లు ఒప్పుకుంటారు. నేను మాత్రం "నాలుగేళ్లు ఇదే పని చేశాం పిన్నీ, మాకు ఆ మాత్రం తెలియదా?" అన్నాను. అప్పుడు పిన్ని కూతురు ఫోను చూసి గంభీరంగా, "దీదీ, తీన్ మినట్ హో గయే" అంటూ మూడు నిమిషాలు అయ్యాయని ప్రకటించింది. నేను పాయసం ముట్టకుండానే చెప్పులేసుకుని బస్సెక్కేశాను.

దారంతా పిన్నితో మనసులో వాదించాను. అన్ని వాదనల్లోనూ నేనే గెలిచాను. సోమవారం పొద్దున ల్యాబుకి వెళ్లి, పిన్ని తప్పని రుజువు చేద్దామనే పాత రికార్డులు తెరిచాను. మా ప్రోగ్రాం ఉత్తుత్తివని నేర్చుకున్న అలారాల్ని ఒక్కొక్కటే తీసి, ఈసారి పది నిమిషాల దగ్గర ఆగకుండా ఆ డ్యూటీ చివరిదాకా చదివాను. మొదటిది నిజంగా ఉత్తుత్తిదే. రెండోదీ అంతే. మూడోదానికి కొన్ని గంటల తరవాత నర్సు ఎక్కించిన ఒక వాక్యం ఉంది: ఫలానా టైముకి కఫం తీశాను, ఆక్సిజన్ పెంచాను, రోగి తేరుకున్నాడు. అది అలారం మోగిన టైమే. ఆ తరవాత అలాంటివే ఇంకొకటి, ఇంకొకటి. కాసేపటికి లెక్కపెట్టడం మానేశాను. మనిషి ప్రాణం మీదికి వచ్చిన క్షణాల్ని ఏరి ఏరి, వీటిని పట్టించుకోవద్దు అని నా ప్రోగ్రాంకి నేనే పాఠం చెప్పాను.

మా గైడు సార్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. సార్ ఢిల్లీ మనిషి. మాట తక్కువ, టీ ఎక్కువ. కప్పు ఖాళీ అయ్యేదాకా విని, "ఎవరు పట్టుకున్నారు ఇది?" అన్నారు.

"మా పిన్ని సార్."

"ఏ యూనివర్సిటీ?"

"ఆర్.కె. పురం సార్," అన్నాను. ఆమె నర్సు అని చెప్పాక సార్ ఖాళీ కప్పు పక్కన పెట్టారు. "నాలుగేళ్లలో మనం ఒక్క నర్సునీ అడగలేదు, కదూ?" అన్నారు. తరవాత అసలు సంగతికొచ్చారు. పేపరు వెనక్కి తీసుకుంటే రికార్డులన్నీ మళ్లీ మొదటి నుంచి చదవాలి. థీసిస్ కనీసం ఏడాది వెనక్కి పోతుంది. "పేపరు మీద మొదటి పేరు నీది. నేనైతే ఏం చేస్తానో నాకు తెలుసు. నువ్వేం చేస్తావో ఆదివారం సాయంత్రంలోగా నాకు చెప్పు."

ఆ వారమంతా నేను నాకే లాయర్‌ని అయిపోయాను. అన్ని అలారాలూ తప్పు కాదు కదా. పేపరు చివర ఒక చిన్న వాక్యం కలిపితే సరిపోదా. ఆ సదస్సులో వినేవాళ్లలో నర్సు ఒక్కరూ ఉండరు కదా. ఇంకో ఏడాది అంటే ఇంకో ఏడాది ఇంటావిడ ఓదార్పు, అమ్మ పాస్టరు గారికి చెప్పుకోవాల్సిన సంజాయిషీ. నాతోపాటు చేరినవాళ్లందరూ ఉద్యోగాలకు వెళ్లిపోతే క్యాంటీన్‌లో నేనొక్కదాన్నే.

పోస్టరు అప్పటికే అచ్చయి వచ్చేసింది. పిన్ని చెంచా మోగించిన వాక్యమే హిందీలో, నీలం గడిలో పెద్ద అక్షరాలతో కూర్చుంది. నేను పిన్ని కూతురికి ఫోన్ చేసి, ఆ గడి కొలత చెప్పి, అంత కాగితం మీద ఒక నర్సు బొమ్మ వేసిమ్మన్నాను. చక్కగా వేసింది, నవ్వుతున్న నర్సు. శనివారం పొద్దున తెచ్చి నాతోపాటు అంటిస్తూ, కింద ఏముంది దీదీ అని హిందీలో అడిగింది. ఏమీ లేదన్నాను. దానితోపాటు పిన్ని కూడా వచ్చింది, ఎవరితోనో డ్యూటీ మార్చుకుని, పట్టుచీర కట్టుకుని. ఆదివారం గొడవ ఊసు ఎత్తలేదు. "ఏమన్నా తిన్నావా?" అంది అంతే. నేను క్షమాపణ అడగబోయి నీళ్లు నమిలాను.

హాలు కిటకిటలాడుతోంది గాని నా పోస్టరు దగ్గర కాదు. పక్కనే మావాళ్లు తయారు చేసిన నాలుగు కాళ్ల రోబో మెట్లెక్కి దిగుతోంది. దాని దగ్గర చోటు దొరకనివాళ్లు కాసేపు నా వైపు వచ్చి, చోటు దొరగ్గానే వెళ్లిపోతున్నారు. ఆ వాక్యం తీసేశాక నా మూడు నిమిషాలు రెండున్నర అయ్యాయి. అందరూ తలాడించారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. పిన్ని ముందు వరసలో నిలబడి మూడుసార్లు విన్నది. ఆ వాక్యం లేదని తనకు తెలుసు, తనకు తెలుసని నాకు తెలుసు.

నాలుగోసారి విన్నవాళ్లలో ఒక పెద్దాయన ఉన్నారు. వసంత్ కుంజ్ నుంచి వచ్చామని, రిటైరయ్యానని ముందే చెప్పారు. అంతా శ్రద్ధగా విని, పోస్టరు మీద నర్సు బొమ్మను వేలితో చూపించారు. "ఈమె నవ్వుతోంది బేటీ. మాకు దొరికినామె నవ్వలేదు," అన్నారు హిందీలో.

నిరుడు ఆయన భార్యకు న్యుమోనియా చేసి ఐసీయూలో పెట్టారట. అద్దంలోంచి చూస్తుండగా మానిటర్ అరవడం మొదలైందట. నర్సు పరుగున వచ్చి, మనిషి వైపు చూడకుండా ముందు ఆ శబ్దం ఆపేసిందట. ఈయన అద్దం మీద కొట్టి పిలిచినా తిరిగి చూడకుండా పరదా లాగేసిందట. "దాని గోల భరించలేక నోరు నొక్కేసింది. నేను ఊరుకోలేదు, ఆమె మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. మీ ప్రోగ్రాం ఇలాంటి నర్సుల్ని పట్టిస్తుందా? అలాగైతే ప్రతి ఆసుపత్రిలో పెట్టాల్సిందే." చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు.

పిన్ని ఏమైనా అంటుందేమోనని చూశాను. అది వేరే ఆసుపత్రి, వేరే నర్సు. అయినా ఆ ఫిర్యాదు తన మీదే రాసినట్టు తల వంచుకుని నిలబడింది. పాతికేళ్లుగా ఎంతమంది అద్దం అవతలి నుంచి తనను అలా చూసి ఉంటారో ఆ క్షణంలో లెక్క వేసుకుంటోందనిపించింది. నాకు కోపం వచ్చింది. మొదటిసారి నా మీద నాకే వచ్చింది.

నర్సు బొమ్మను ఒక మూల నుంచి పట్టి లాగేశాను. కింద ఉన్న వాక్యాన్ని గట్టిగా చదివాను. "అంకుల్, మీరు అనుకున్నదే మా ప్రోగ్రాం కూడా అనుకుంది. శబ్దం ఆపేసింది కాబట్టి పట్టించుకోలేదని. దానికి అలా నేర్పింది నేను. తప్పు నేర్పాను. ఆమె మోత ఆపింది వినడానికి. ఊపిరి ఎలా ఉందో వినపడాలంటే ముందు ఆ గోల ఆగాలి. ఇది నాకు చెప్పింది మా పిన్ని. ఈమె ఐసీయూ నర్సు," అన్నాను.

పెద్దాయన పిన్ని వైపు తిరిగారు. పిన్ని కొంగు సర్దుకుని, పాతికేళ్లయినా గుంటూరు యాస వదలని తన హిందీలో, పరదా ఎందుకు లాగుతారో, ఆ సమయంలో బయటివాళ్లు పిలిచినా ఎందుకు తిరిగి చూడరో చెప్పింది. రోబో వైపు చూస్తున్నవాళ్లు కొందరు ఇటు తిరిగారు.

ఇంతలో ఆయన భార్య ఆ గుంపులోంచి బయటపడి వచ్చింది. పొట్టిగా, హుషారుగా ఉంది. "అది ఎన్నిసార్లు మెట్లెక్కినా మోకాళ్లు నొప్పంటే ఒట్టు!" అని నవ్వుతూ వచ్చి, మా మొహాలు చూసి ఆగిపోయింది.

ఆయన ఆమెను అడిగారు: "ఆ రోజు నర్సు మోత ఆపేశాక ఏం చేసింది?"

"ఏం చేయడమేంటి? నా మొహం మీదికి వంగి చెవి పెట్టి విన్నది. గొట్టం పెట్టి కఫమంతా లాగింది. ఊపిరి ఆడేదాకా నా చెయ్యి వదల్లేదు పాపం. ఇప్పుడెందుకు?"

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడు అడిగారు? నేను బయటికొచ్చేసరికి మీరు ఫిర్యాదు రాసుకుంటూ కూర్చున్నారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. నా బల్ల మీద సందర్శకుల అభిప్రాయాల కాగితాల కట్ట ఉంది. అందులోంచి ఒకటి తీసి వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి, "ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే ఎవరి పేర రాయాలి? మేట్రన్ పేరా?" అని పిన్నిని అడిగారు. పిన్ని పక్కన కూర్చుని చెప్పింది. ఆయన ఒక్కో వాక్యం రాసి కొట్టేసి మళ్లీ రాశారు. నేను అంతసేపూ చూస్తూ నిలబడ్డాను. అరవై దాటిన మనిషి, నలుగురి మధ్యలో, ఎవరూ అడగకుండానే తన తప్పు దిద్దుకుంటున్నాడు. నేనేమో వారం రోజులుగా నాకు నేనే లాయర్‌ని.

ల్యాప్‌టాప్ తెరిచి ఆ బల్ల రెండో చివర కూర్చున్నాను. సదస్సు వాళ్లకు నాలుగు లైన్లు రాశాను. సార్‌కి ఒక ప్రతి పెట్టాను. పంపే ముందు పిన్నిని పిలిచి తెలుగులో వినిపించాను. "మా పేపరు వెనక్కి తీసుకుంటున్నాం. అలారాలు ఆపే నర్సుల్ని అడక్కుండా, వాళ్లు ఎందుకు ఆపారో మేమే తేల్చేశాం. అది తప్పు. వాళ్లను అడిగి మళ్లీ చేస్తాం."

పిన్ని కళ్లు తడిశాయి.

"ఆదివారం నేనలా అనకుండా ఉండాల్సింది పిన్నీ," అన్నాను.

"సర్లేవే. అడిగి చేస్తామన్నావుగా, ఎవర్ని అడుగుతావు?"

"ముందు నిన్నే."

"సోమవారం నాకు డ్యూటీ," అంది పిన్ని ముక్కు తుడుచుకుంటూ. "మంగళవారం పొద్దున్నే రా. పుస్తకం, పెన్ను తెచ్చుకో."